ట్యాగు ఏదైతేనేం అంటే ఎట్లా?

“అన్నా, చూడనీకి మంచిగనే ఉంది గదా, లోపట ఏ ట్యాగ్ ఉంటే ఏంది?”

జగిత్యాలలోనో కోరుట్లలోనో సిరిసిల్లలోనో వెబ్‌సైట్లు చేసిపెట్టే పిల్లల దగ్గర సెమాంటిక్ హెచ్‌టీఎంఎల్ ముచ్చట తీస్తే వచ్చే జవాబు దాదాపు ఇదే. హెడ్డింగుకు హెడ్డింగు ట్యాగు, బటన్‌కు బటన్ ట్యాగు, మెనూకు నావ్, పట్టికకు టేబుల్ వాడాలన్నది పుస్తకాల్లో మాట అని, ఇంజనీరింగ్ పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నకు పనికొస్తుందని వాళ్ల లెక్క. కస్టమర్‌కు చూపించేటప్పుడు ఒక డివ్, దానికో క్లాస్, దానిమీద నాలుగు లైన్ల సీఎస్‌ఎస్ ఉంటే సరిపోతుందట. పిల్లలనే అనడం ఎందుకు, హైదరాబాద్ కంపెనీల్లో ఏళ్ల తరబడి పనిచేస్తున్న సీనియర్లలో చాలామందిదీ ఇదే మాట. కోచింగ్ సెంటర్లలో పాఠం చెప్పే సార్లదీ ఇదే. ఇంతమంది అంటున్నారని మాట నిజమైపోదు. ఇది తప్పు. మన మూడు ఊళ్లలాంటి చోట్ల మరీ తప్పు.

వాళ్ల వాదనలో బలమున్న ముక్కను ముందే ఒప్పుకుంటాను. డివ్‌లతో కట్టిన పేజీనీ, సరైన ట్యాగులతో కట్టిన పేజీనీ పక్కపక్కన పెడితే కంటికి తేడా తెలియదు. సీఎస్‌ఎస్ ఉంటే దేన్నయినా దేనిలాగైనా చూపించొచ్చు. అయితే బ్రౌజర్ చేసే పని తెరమీద బొమ్మ గీయడంతో అయిపోదు. ఏది హెడ్డింగు, ఏది లింకు, ఏది బటన్, ఏ గడి ఏ నిలువు వరుసకు చెందుతుంది అన్న వివరాలతో అది మరో నిర్మాణాన్ని కూడా తయారుచేసి పెట్టుకుంటుంది. దాన్ని యాక్సెసిబిలిటీ ట్రీ అంటారు. చూపులేనివాళ్లకు పేజీని చదివి వినిపించే స్క్రీన్ రీడర్ ఆధారపడేది దానిమీదే. మనం డివ్ అని రాసినచోట అందులో చెప్పుకోదగ్గ సమాచారం ఏమీ చేరదు. హెచ్‌టీఎంఎల్ ప్రమాణం రాసినవాళ్లే డివ్‌ను ఇంకే ట్యాగూ కుదరనప్పుడు ఆఖరున వాడుకోమన్నారు. మనవాళ్లు పని మొదలుపెట్టేదే దానితో.

సిరిసిల్లలో గుడ్డ కొనే వ్యాపారి పైవైపు చూసి ఊరుకోడు, తిరగేసి నేత చూస్తాడు, పోగు లాగి చూస్తాడు. అదే వ్యాపారి తన దుకాణానికి వెబ్‌సైట్ చేయించుకున్నప్పుడు మాత్రం ముందువైపే చూసి డబ్బులు లెక్కపెడుతున్నాడు. తప్పు ఆయనది కాదు. తిరగేసి చూడాలని ఆయనకు చెప్పినవాళ్లు లేరు.

బటన్ దగ్గర కాసేపు ఆగుదాం, ఎందుకంటే మొత్తం వాదన అక్కడ తేలిపోతుంది. “సబ్మిట్” అని రాసిన ఒక నీలం డబ్బా కావాలి. మన కుర్రాడు డివ్ తీసుకుని, దానికి బీటీఎన్ అని క్లాస్ ఇచ్చి, ఆన్‌క్లిక్ తగిలిస్తాడు. మౌస్‌తో నొక్కితే పనిచేస్తుంది. ఇప్పుడు మౌస్ పక్కన పెట్టి కీబోర్డు మీద ట్యాబ్ నొక్కుతూ రండి. పేరు, ఫోన్ నంబర్, చిరునామా గడులన్నీ దాటుతారు, ఈ నీలం డబ్బా మీద మాత్రం కర్సర్ ఆగదు. ఆగాలంటే ట్యాబ్‌ఇండెక్స్ రాయాలి. ఆగినా ఎంటర్ కొడితే పలకదు, దానికి జావాస్క్రిప్ట్ రాయాలి. స్పేస్‌బార్‌కు కూడా విడిగా రాయాలి. స్క్రీన్ రీడర్ దాన్ని బటన్ అని పలకాలంటే రోల్ రాయాలి. ఇంత చేస్తే అది అసలు బటన్ ట్యాగు పుట్టుకతో చేసే పనికి దగ్గరగా వస్తుంది, అంతదాకా రాదు. తక్కువ పని అని డివ్ ఎంచుకున్నవాడు ఎక్కువ పని నెత్తికెత్తుకున్నాడు. లేదా, ఎక్కువసార్లు జరిగేదిదే, ఆ పని ఎగ్గొట్టి వెళ్లిపోయాడు.

ట్యాబ్ కొట్టేవాళ్లు ఎవరున్నారిక్కడ అంటారా? మీసేవ కేంద్రానికో, బస్టాండ్ దగ్గరి ఆన్‌లైన్ సెంటర్‌కో ఒక పూట వెళ్లి ఆపరేటర్ చేతులు చూడండి. దరఖాస్తు వెంట దరఖాస్తు నింపే మనిషి మౌస్ ముట్టుకోడు. టైపు, ట్యాబ్, టైపు, ట్యాబ్, ఎంటర్. బయట వరుసలో జనం ఉంటారు. ఆయనకు కళ్లు బాగానే కనిపిస్తాయి. డివ్‌తో చేసిన బటన్ దగ్గర ఆయన చేయి కూడా ఆగిపోయి మౌస్ వెతుక్కుంటుంది. సెమాంటిక్ ట్యాగులు కేవలం దివ్యాంగుల కోసం చేసే దయాధర్మం అన్న ఊహ ఈ ఒక్క సీటు దగ్గరే కూలిపోతుంది.

ఇక చూపులేని మనిషి సంగతి. “మా సైట్‌కు అట్లాంటోళ్లు రారన్నా” అని ఇంకో జవాబు సిద్ధంగా ఉంటుంది. ఎట్లా వస్తారు, వచ్చిన మొదటిసారే దారి దొరక్క వెనక్కి పోయినవాళ్లు మళ్లీ ఎందుకొస్తారు? 2011 జనాభా లెక్కల్లో చూపులోపం ఉన్నవాళ్లు దేశం మొత్తం మీద 50 లక్షల పైచిలుకు. వాళ్లలో ఫోన్ వాడేవాళ్లకు ఆండ్రాయిడ్‌లో టాక్‌బ్యాక్ అనే స్క్రీన్ రీడర్ ముందే ఉంటుంది. కంప్యూటర్ వాడేవాళ్లకు ఎన్‌వీడీఏ ఉంది. 2006లో మైకేల్ కరన్ అనే ఆస్ట్రేలియా యువకుడు దాన్ని మొదలుపెట్టాడు, తర్వాత జేమ్స్ టే కలిశాడు. ఇద్దరూ చూపులేనివాళ్లే. దాన్ని ఉచితంగా ఇస్తున్నారు, తెలుగూ చదువుతుంది. హెచ్ అన్న కీ నొక్కితే తర్వాతి హెడ్డింగుకు, టీ నొక్కితే పట్టికకు, బీ నొక్కితే బటన్‌కు, డీ నొక్కితే పేజీలోని పెద్ద భాగాలకు, అంటే మెనూకో అసలు విషయానికో, దూకుతుంది. వెబ్‌ఎయిమ్ అనే అమెరికా సంస్థ స్క్రీన్ రీడర్ వాడేవాళ్లను అడుగుతూ వస్తోంది. పొడవాటి పేజీలో కావలసింది వెతకాలంటే మొదట హెడ్డింగుల వెంటే పోతామని నూటికి 70 మంది దాకా చెప్పారు. మన పేజీలో హెడ్డింగులు లేవు. పెద్దక్షరాల డివ్‌లున్నాయి. హెచ్ నొక్కితే ఎన్‌వీడీఏ తర్వాతి హెడ్డింగు లేదు అని చెప్పి ఊరుకుంటుంది.

ఒక ఊహా పేజీ తీసుకుందాం, ఇలాంటివి మన దగ్గర కొల్లలు. ప్రైవేటు ఆస్పత్రి సైటు. పైన మెనూ, కింద స్లైడ్‌షో, ఆ కింద ఏ డాక్టర్ ఏ రోజు ఏ వేళకు ఓపీ చూస్తారో చెప్పే పట్టిక. పట్టిక అంటే కంటికి పట్టికే, లోపల గ్రిడ్‌లో పేర్చిన నలభై డివ్‌లు. స్క్రీన్ రీడర్ ఏం చదువుతుందో వినండి: “సోమ, మంగళ, బుధ, గురు, శుక్ర, శని, ఎముకల డాక్టర్, 10 నుంచి 1, లేరు, 5 నుంచి 8, లేరు, 10 నుంచి 1, లేరు, పిల్లల డాక్టర్…” ఈ “5 నుంచి 8” ఏ రోజుది? వేళ్లమీద లెక్కపెట్టుకోవాలి. అదే టేబుల్ ట్యాగుతో కట్టి, రోజుల పేర్లకూ డాక్టర్ల పేర్లకూ టీహెచ్ వాడి, ఏది అడ్డవరుసకు పేరో ఏది నిలువువరుసకు పేరో స్కోప్‌తో చెప్పి ఉంటే, ఆ గడిలోకి పోగానే “బుధ, 5 నుంచి 8” అని వినిపిస్తుంది. రాసే అక్షరాల్లో పెద్ద తేడా లేదు. జగిత్యాల మామిడి మార్కెట్ ధరలైనా, మెట్‌పల్లి పసుపు ధరలైనా, సిరిసిల్ల గుడ్డ మీటరు రేట్లయినా, స్కూలు మార్కుల జాబితా అయినా ఇదే కథ. మన సైట్లలో యానిమేషన్ల కన్నా జాబితాలు, పట్టికలు, ఫారాలే ఎక్కువ. హెచ్‌టీఎంఎల్ మొదటినుంచీ బాగా చేసే పనులు అవే. 1991లో టిమ్ బెర్నర్స్ లీ మొదటి ట్యాగుల జాబితా బయటపెట్టినప్పుడే అందులో హెడ్డింగులున్నాయి, జాబితాలున్నాయి.

ఫారాల్లో లేబుల్ ఎగ్గొట్టి గడి లోపలే బూడిదరంగులో “పాస్‌పోర్ట్ నంబర్” అని రాయడం ఇంకో అలవాటు. టైపు మొదలుపెట్టగానే ఆ మాట మాయమవుతుంది. గల్ఫ్‌కు పోవడానికి వివరాలు నింపుతున్న మనిషి మధ్యలో ఫోన్ వచ్చి మళ్లీ చూసుకుంటే ఏ గడి దేనికో గుర్తుండదు. లేబుల్ ట్యాగు రాస్తే ఆ పేరు పోదు, పైగా వేలు గడి మీద ఆనకపోయినా పేరు మీద నొక్కితే చాలు.

మన తెలుగుకు సొంత బాధ ఒకటుంది. దాన్ని ఇంగ్లిష్ పుస్తకాలు చెప్పవు, కోచింగ్ సార్లూ చెప్పరు. వీఎస్ కోడ్‌లో కొత్త ఫైలు తెరిచి ఆశ్చర్యార్థకం కొట్టి ట్యాబ్ నొక్కితే పేజీ అస్థిపంజరం దానంతటదే వచ్చి పడుతుంది. మొదటి ట్యాగులోనే భాష ఇంగ్లిష్ అని రాసి ఉంటుంది. మనవాళ్లు దాని కింద పేజీ అంతా తెలుగులో నింపుతారు, ఆ ఒక్కమాట మార్చరు. ఈ పేజీ ఇంగ్లిష్‌ది అని మనమే చెప్పాం కాబట్టి స్క్రీన్ రీడర్ ఇంగ్లిష్ గొంతు అందుకుంటుంది. ఆ గొంతుకు తెలుగు రాకపోతే మాటలు మింగేస్తుంది, లేదా గజిబిజిగా ఏదో పలుకుతుంది. “ఈఎన్” తీసి “టీఈ” పెట్టడానికి రెండు అక్షరాలు. ఈ రెండక్షరాలకు కూడా బడ్జెట్ లేదన్నవాళ్లతో నేను వాదించలేను. తెలుగును అను ఫాంట్లలో కొట్టి, బొమ్మగా మార్చి అప్‌లోడ్ చేసే ఆచారం ఇంతకన్నా ఘోరం. అక్కడ ట్యాగులదాకా పోనక్కరలేదు, అసలు అక్షరాలే లేవు. చూపులేనందుకు నెలకు 4016 రూపాయల పింఛను తీసుకునే మనిషికి ఆ పింఛను జాబితాను స్కాన్ చేసిన బొమ్మగా ఇస్తే ఆయన దాన్ని ఏం చేసుకోవాలి?

ఈ ట్యాగులన్నీ ఎక్కడో పండితులు కూర్చుని కల్పించి మన నెత్తిన రుద్దారన్న ఫిర్యాదు కూడా నిలవదు. 2005 డిసెంబర్‌లో గూగుల్‌లో ఇయాన్ హిక్సన్ బృందం వందకోట్లకు పైగా పేజీలు తీసి, జనం ఏ క్లాస్ పేర్లు ఎక్కువ వాడుతున్నారో లెక్కపెట్టింది. ఫుటర్, మెనూ, హెడర్, నావ్, కంటెంట్ లాంటివి పైవరుసల్లో తేలాయి. ఎవరూ చెప్పకుండానే ప్రపంచమంతా డివ్‌లకు అవే పేర్లు పెట్టుకుంటోంది. 2014 అక్టోబర్ 28న హెచ్‌టీఎంఎల్5 ప్రమాణంగా స్థిరపడేనాటికి హెడర్, ఫుటర్, నావ్ సొంత ట్యాగులయ్యాయి. మన కుర్రాడు ఇవాళ కూడా డివ్ రాసి దానికి నావ్ అని క్లాస్ పెడుతున్నాడు. అంటే అది మెనూ అని ఆయనకు తెలుసు, చెప్పాలనీ ఉంది, తనకు తప్ప ఎవరికీ వినపడనిచోట చెప్తున్నాడు. నావ్ అని నేరుగా రాస్తే టైపు చేయాల్సిన అక్షరాలు కూడా తగ్గేవి.

“నేను కోడ్ రాయనన్నా, ఎలిమెంటార్‌లో లాగి పెడతా” అనేవాళ్లకు: ఆ ఎలిమెంటార్‌లోనే హెడ్డింగ్ పెట్టినప్పుడు పక్కన హెచ్‌టీఎంఎల్ ట్యాగ్ అని ఒక గడి కనిపిస్తుంది, అక్కడ హెచ్1 నుంచి హెచ్6 దాకా ఎంచుకోవచ్చు. కంటైనర్‌కు కూడా మెయిన్, నావ్, ఫుటర్ అని ఎంచుకోవచ్చు. రియాక్ట్ మీద నెపం వేసేవాళ్లకు కూడా ఇదే సమాధానం, మీరు బటన్ అని రాస్తే అది బటనే ఇస్తుంది.

నావైపు నిలబడ్డవాళ్లలో కూడా నాకు నచ్చని మాటలు కొన్నున్నాయి. సెమాంటిక్ ట్యాగులు వాడితే సైటు గూగుల్‌లో ఎగిరి పైకొస్తుందని ఆశపెట్టి అమ్మేవాళ్ల మాట నమ్మకండి. ఇది సెక్షనా ఆర్టికలా అని గంటలు గంటలు కొట్టుకునేవాళ్ల దగ్గర కూడా కూర్చోకండి. సెక్షన్లను ఒకదాంట్లో ఒకటి పెడితే హెడ్డింగుల స్థాయి దానంతటదే సర్దుకుంటుందని ప్రమాణంలో ఏళ్లతరబడి ఒక లెక్క రాసి ఉండేది, బ్రౌజర్లు దాన్ని ఏనాడూ పూర్తిగా అమలుచేయలేదు, చివరికి 2022లో దాన్ని తీసేశారు. అలాంటి గొడవల్ని చూపించి మొత్తం విషయాన్నే కొట్టిపారేయడం మాత్రం కుదరదు. బటన్, లేబుల్, టేబుల్, హెడ్డింగు, మెయిన్, నావ్. వీటిలో సందేహానికి చోటే లేదు.

ట్యాగులు మార్చలేం గానీ పైనుంచి ఏరియా (ARIA) రోల్స్, అంటే ఏది ఏంటో స్క్రీన్ రీడర్‌కు చెప్పే గుర్తులు, తగిలిస్తాం అంటారు కొందరు. ఏరియా రాసినవాళ్లు పెట్టిన మొదటి నియమమే, హెచ్‌టీఎంఎల్‌లో దానికి ట్యాగు ఉంటే అదే వాడండి అని. వెబ్‌ఎయిమ్ ఏటా పది లక్షల హోంపేజీలు పరీక్షిస్తుంది. ఏరియా ఉన్న పేజీల్లోనే సగటున తప్పులు ఎక్కువ తేలుతున్నాయి. అది ఏరియా దోషం అననుగానీ, పైపూతతో పని జరగడం లేదని మాత్రం తెలుస్తోంది. ఇంకొందరు పేజీ మూలన మనిషి బొమ్మ ఉన్న నీలం గుండ్రం ఒకటి తెచ్చి పెడతారు, అదే అంతా చూసుకుంటుందని. అలాంటిది అమ్మే యాక్సెసిబీ అనే కంపెనీ, తమ సాధనం ఏ సైటునైనా ప్రమాణాలకు సరిపోయేలా చేస్తుందని ప్రచారం చేసినందుకు 2025లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కు పది లక్షల డాలర్లు కట్టాల్సివచ్చింది.

కొత్తగా వచ్చిన వాదన ఏఐ. “ఇగ అంతా ఏఐనే చూసుకుంటది, అది బొమ్మ చూసి కూడా అర్థం చేసుకుంటది.” చేసుకుంటుంది, కొంతవరకు. కానీ మన తరఫున బ్రౌజర్ నడిపే ఏఐ సాధనాలు ఏం చదువుతున్నాయో చూడండి. మైక్రోసాఫ్ట్ వాళ్ల ప్లేరైట్‌ను ఏఐకి జోడించిన సాధనం తెర బొమ్మకు బదులు పైన చెప్పిన యాక్సెసిబిలిటీ ట్రీనే దానికి అందిస్తుంది. చూపులేని మనిషికి అందని బటన్ రేపు ఆ యంత్రానికీ సరిగ్గా అందదు. కోడ్ రాసిపెట్టే ఏఐ మనకు డివ్‌లు గుమ్మరిస్తోందంటే, మనం ఇన్నేళ్లూ రాసిపెట్టిన పేజీలు చూసి నేర్చుకుంది మరి.

కావాలంటే చట్టం దగ్గరికీ పోదాం. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో 46వ సెక్షన్ సేవలందించే సంస్థ ప్రభుత్వానిదైనా ప్రైవేటుదైనా అందరికీ అందేలా ఉండాలంటుంది. తప్పితే 89వ సెక్షన్ కింద మొదటిసారి పదివేల దాకా, ఆ తర్వాత యాభైవేల నుంచి ఐదు లక్షల దాకా జరిమానా ఉంది. ఆ చట్టం కింద 2017లో వచ్చిన నిబంధనలు ప్రమాణాలను సలహాల్లాగే చూస్తున్నాయని రాజీవ్ రాటూరి కేసులో సుప్రీంకోర్టు 2024 నవంబర్ 8న తప్పుపట్టింది. 15(1) నిబంధన చెల్లదని, తప్పనిసరిగా పాటించాల్సిన ప్రమాణాలు రాయమని కేంద్రాన్ని ఆదేశించింది. ఆ కేసులో కోర్టు ముందున్న నివేదిక తయారుచేసింది మన హైదరాబాద్‌లోని నల్సార్ విశ్వవిద్యాలయమే. 2025 ఏప్రిల్ 30న ప్రజ్ఞా ప్రసూన్ కేసులో అదే కోర్టు ఇంకో అడుగు వేసి, డిజిటల్ సేవలు అందుకోవడం 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కులో భాగమంది. యాసిడ్ దాడి బాధితులు, చూపులేని న్యాయవాది ఒకరు కేవైసీ అడ్డంకుల మీద వేసిన పిటిషన్లవి. జగిత్యాల ఫంక్షన్ హాల్ సైటు మీద రేపే ఎవరో కేసు వేస్తారని భయపెట్టడం నా ఉద్దేశం కాదు. ఇది పుస్తకాల్లో మాట అన్నవాళ్లకు, ఇది దేశ అత్యున్నత న్యాయస్థానం మాట కూడా అని గుర్తుచేస్తున్నానంతే.

ఎవరు మార్చాలి? కోరుట్లలో తొమ్మిదివేలకో పన్నెండువేలకో సైటు చేసే కుర్రాడి మీదే భారమంతా వేయడం న్యాయం కాదు. నాచుపల్లి జేఎన్‌టీయూ కాలేజీ నుంచి మొదలుకొని ఊరి కోచింగ్ సెంటర్ దాకా, వెబ్ డిజైన్ పాఠం చెప్పే ప్రతి చోటా మొదటివారంలోనే విద్యార్థులకు మౌస్ ఇవ్వకుండా ఒక పేజీ వాడించాలి. డివ్ పాఠం ఆ తర్వాత చెప్పొచ్చు.

సైటు చేయించుకునే స్కూలు కరస్పాండెంట్లకు, ఆస్పత్రి యజమానులకు, చీరల వ్యాపారులకు ఒక విన్నపం. చివరి కిస్తు ఇచ్చేముందు చేసినవాణ్ని మీ పక్కన కూర్చోబెట్టుకోండి. మౌస్ తీసి సొరుగులో పెట్టండి. ట్యాబ్, ఎంటర్‌లతోనే మీ ఫారం నింపి పంపించమనండి. తర్వాత మీ ఫోన్‌లో టాక్‌బ్యాక్ ఆన్ చేసి, కళ్లు మూసుకుని, మీ సైటులో మీ ఫోన్ నంబర్ వెతకండి. దొరక్కపోతే డబ్బులు ఆపండి.